వంటింటి పద్దులో సేంద్రియం

సేంద్రియం తినాలా, మామూలుది తినాలా అని అడిగేవాళ్లు ఆ ప్రశ్నను వంటిల్లు మొత్తానికి కలిపి అడుగుతారు. అందుకే జవాబు దొరకదు. బియ్యం వేరు, కారం వేరు, సొరకాయ వేరు, ద్రాక్ష వేరు. ఒక్కోదాని మీద మందు పడే తీరు వేరు, మన నోటిదాకా వచ్చేసరికి మిగిలేది వేరు, నెలకు మనం తినే బరువు వేరు. ఇవేవీ చూడకుండా ‘ఇక నుంచి అన్నీ ఆర్గానిక్కే’ అని తీర్మానించుకున్న ఇంట్లో రెండో నెల బిల్లు చూసి గుండె ఝల్లుమంటుంది, మూడో నెలకి అన్నీ మానేస్తారు. ‘అదంతా వ్యాపారం’ అని కొట్టిపారేసిన ఇంట్లోనేమో నెలకు వంద, రెండొందలతో వచ్చే మేలు కూడా చేజారుతుంది. ఈ అధ్యాయంలో మనం చేయబోయే పని చిన్నదే. నెల సరుకుల చీటీ ముందేసుకుని, అదనపు రూపాయి ఎక్కడ పెడితే పనిచేస్తుందో, ఎక్కడ పెడితే ఊరికే పోతుందో చూద్దాం.

లెక్కలోకి దిగేముందు ఒక షరతు. సేంద్రియం కొనడం కోసం కూరలు తగ్గించకూడదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలి. నలుగురున్న ఇంటికి నెలకు 48 కిలోల కూరగాయలన్నమాట. మీ ఇంటికి నెలకు ఎన్ని కిలోలు వస్తున్నాయో ఒకసారి కూడి చూడండి. చాలా ఇళ్లలో ఆ అంకె వేసుకోగానే అసలు లోటు ఎక్కడుందో తెలిసిపోతుంది. కిలో 80 పెట్టి సేంద్రియ వంకాయలు అరకిలో తెచ్చి నలుగురికీ సర్దే ఇంటికన్నా, రైతు బజారులో 40కి కిలో తెచ్చి కంచం నిండా కూర వడ్డించే ఇల్లే ఆరోగ్యం విషయంలో ముందుంటుందని నా నమ్మకం. చేతిలో డబ్బు ఒకదానికే సరిపోతే ఎక్కువ కూరలు కొనండి. సేంద్రియం సంగతి తర్వాత.

పరిశోధనలు ఏం తేల్చాయి

పోషకాల కోసం సేంద్రియం కొంటున్నామనుకునేవాళ్లు కొంచెం నిరాశపడాల్సిందే. 2012లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన రెండు వందలకు పైగా అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. విటమిన్ల విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు, పురుగుమందు అవశేషాలు మాత్రం సేంద్రియ పంటలో తక్కువగా ఉన్నాయి. 2014లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 343 పరిశోధన పత్రాలను కలిపి చూసినవాళ్లు ఇంకొంచెం ముందుకెళ్లారు. సేంద్రియ పంటల్లో యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువ, కాడ్మియం తక్కువ అన్నారు. మామూలు పంటల్లో మందు అవశేషాలు కనిపించే సందర్భాలు నాలుగు రెట్లు ఎక్కువని లెక్క తేల్చారు. యాంటీ ఆక్సిడెంట్లు కాస్త పెరిగినంత మాత్రాన మనిషి ఆరోగ్యం ఎంత మెరుగవుతుందన్నది వేరే ప్రశ్న, దానికి ఈ లెక్కలు జవాబు చెప్పవు.

క్యాన్సర్ మాటకొస్తే రెండు పెద్ద అధ్యయనాలు రెండు దారులు పట్టాయి. ఫ్రాన్స్‌లో దాదాపు 69 వేల మందిని గమనించి 2018లో వెలువరించిన ఫలితాల్లో, సేంద్రియం బాగా ఎక్కువ తినేవాళ్లలో క్యాన్సర్ 25 శాతం తక్కువగా కనిపించింది. అంతకు నాలుగేళ్ల ముందు బ్రిటన్‌లో 6 లక్షల 20 వేలకు పైగా మహిళల మీద వచ్చిన అధ్యయనంలో మొత్తం మీద క్యాన్సర్ తగ్గిన జాడ లేదు. ఏదో ఒకటి పట్టుకుని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు రెండోదాని సంగతి చెప్పరు. పైగా సేంద్రియం కొనే కుటుంబాలు సాధారణంగా నాలుగు డబ్బులున్నవి. పొగ తక్కువ తాగుతారు, నడక ఎక్కువ నడుస్తారు. పరిశోధకులు ఆ తేడాలను లెక్కల్లో సరిచేయాలని చూస్తారు గానీ, పూర్తిగా విడదీయడం కష్టం.

కాబట్టి నిలబడే కారణం ఒక్కటే: ఒంట్లోకి వెళ్లే మందు తగ్గుతుంది. ఈ కారణం అందరికన్నా గర్భిణులకూ చిన్నపిల్లలకూ ఎక్కువ వర్తిస్తుంది. పిల్లల ఒళ్లు చిన్నది, ఆ బరువుకు వాళ్లు తినే తిండి ఎక్కువ. ఎదిగే మెదడుకు హాని చేస్తుందన్న ఆందోళనతో క్లోర్‌పైరిఫాస్ అనే మందును ఐరోపా సమాఖ్య 2020లో ఆపేసింది. ఇంట్లో రెండేళ్ల పిల్ల ఉంటే ఈ అధ్యాయం మీకు అవసరం. అరవై దాటిన దంపతులిద్దరే ఉంటే ఇదే డబ్బును పండ్లకూ గింజలకూ మళ్లించినా తప్పులేదు.

సేంద్రియం వల్ల అందరికన్నా ముందు మేలు పొందే మనిషి మన వంటింట్లో ఉండడు. అతను వీపున ట్యాంకు కట్టుకుని చేలో నడుస్తుంటాడు. 2017లో మహారాష్ట్రలోని యవత్‌మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఆ విషం సోకి ఇరవై మంది దాకా రైతులు, కూలీలు చనిపోయారు. మనకు కంచంలో మిల్లీగ్రాముల్లో వచ్చేది వాళ్లకు గాలిలో, చర్మం మీద, తడిసిన చొక్కాలో వస్తుంది. పాల్వంచ దగ్గరి పునుకుల గ్రామంలో 2000ల మొదట్లో రైతులు పురుగుమందులు మానేశారు. వాళ్లు తమ ఒంటికీ అప్పుకూ తగులుతున్న దెబ్బ చూసి మానేశారు, పట్నంలో తినేవాళ్ల కోసం కాదు. సేంద్రియానికి మీరిచ్చే అదనపు డబ్బులో ఇదీ ఒక వంతు అనుకుంటే ఆ ఖర్చు మీకు సబబుగా అనిపించవచ్చు. అనిపించకపోయినా ఫరవాలేదు, మిగతా లెక్క మారదు.

రేటు ఎందుకంత తేడా

మందులు, ఎరువులు కొననప్పుడు పంట చవగ్గా రావాలి కదా అన్నది న్యాయమైన అనుమానమే. రకరకాల పంటల మీద ప్రపంచమంతా జరిగిన పోలికల్లో సేంద్రియ దిగుబడి సగటున ఐదో వంతు తక్కువ వచ్చింది. కలుపు మందు లేనప్పుడు కలుపు మనుషులు తీయాలి, కూలీ పెరుగుతుంది. సర్టిఫికెట్ కావాలంటే వార్షిక పంటలకు రెండేళ్లు, తోటలకు మూడేళ్లు మార్పిడి కాలం గడవాలి. ఆ కాలంలో రైతు సేంద్రియంగానే పండిస్తాడు, సేంద్రియం రేటు మాత్రం రాదు. వీటికి తోడు సరుకు తక్కువ, కొనేవాళ్లు చెదురుమదురు. ఒక ట్రాలీ నిండా ఒకచోట దించే పంటకూ, పది ఇళ్లకు పది సంచులు చేర్చే పంటకూ రవాణా ఖర్చు ఒకటి కాదు. ఏసీ షాపు అద్దె, వాడిపోయి పారేసిన ఆకుకూర కూడా మీ బిల్లులోనే కలుస్తాయి.

ఇంకో వైపు, మామూలు తిండి రేటు నిజంగా అంత తక్కువ కాదు. యూరియా 45 కిలోల బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకు దొరుకుతోందంటే మిగతా ఖరీదు కేంద్రం కడుతోంది. 2022-23లో ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్ల రూపాయలు దాటింది. మీరు షాపులో కట్టనిది పన్నులో కడుతున్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయానికి 2024లో గుల్బెంకియన్ అంతర్జాతీయ బహుమతి వచ్చింది. అక్కడి రైతులు ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండితో జీవామృతం తయారుచేసుకుంటారు. వేప కషాయాల్లాంటివి పురుగుకు వాడతారు. పెట్టుబడి తగ్గించడమే ఆ పద్ధతిలో మొదటి ఉద్దేశం. అలాంటి ఊరు మీకు దగ్గరలో ఉండి, రైతే నేరుగా అమ్మితే రేటు రెట్టింపు ఉండాల్సిన పనిలేదు. షాపులో కనిపించే తేడాలో చాలా భాగం దారిలో కలిసేదే.

చీటీ మీద ప్రతి సరుకునూ అడగాల్సినవి

ఈ పంట మీద మందు ఎంత తరచుగా పడుతుంది? పొట్టు, తొక్క తీయడం, కడగడం, మరపట్టడం వంటి వాటితో అందులో ఎంత పోతుంది? నెలకు మన ఇంట్లో ఎంత బరువు వాడతాం? మొదటిదానికి ‘ఎక్కువ’, రెండోదానికి ‘ఏమీ పోదు’, మూడోదానికి ‘కొంచెమే’ అని జవాబులొచ్చిన సరుకు దొరికితే దాన్ని కళ్లు మూసుకుని సేంద్రియంలోకి మార్చండి.

మన వంటింట్లో అలాంటి సరుకు ఒకటుంది, అది ఎండుమిర్చి. తామర పురుగు, తెల్లనల్లి, ఆకుముడత, కాయకుళ్లు, వీటన్నిటికీ మిర్చి తోట మీద పిచికారీ సాగుతూనే ఉంటుంది. 2021-22లో కొత్తరకం నల్ల తామర పురుగు విరుచుకుపడినప్పుడు గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల్లో రైతులు ఏ మందు పడితే ఆ మందు కొట్టారు. అయినా పంట నిలవక చాలాచోట్ల మొక్కలు పీకేశారు. కాయ ఎండినప్పుడు నీరు పోయి బరువు తగ్గుతుంది గనుక మిగిలిన మందు మోతాదు కిలోకు ఇంకా ఎక్కువవుతుంది. ఎండుమిర్చిని మనం కడగం, తొక్క తీయం, తొడిమ తీసి గిర్నీలో వేసి పొడి కొట్టించి మొత్తం తినేస్తాం. ఊరగాయల కారం పక్కన పెడితే నలుగురున్న ఇంటికి ఏడాదికి నాలుగైదు కిలోలు చాలు. మామూలు కారం కిలో 400, సేంద్రియం 700 అనుకుందాం. నాలుగు కిలోలకు ఏడాది మొత్తం తేడా 1,200 రూపాయలు, అంటే నెలకు వంద. శాతంలో చూస్తే ఇది 75 శాతం ఎక్కువ. శాతాలు చూసి భయపడేవాళ్లు ఇక్కడే పొరబడతారు, నెల రూపాయల్లో చూడాలి.

కొనేటప్పుడు పొడి కాకుండా కాయలు కొనండి. గుంటూరు యార్డులో తాలు అని పక్కకు తీసేసే తెల్లబడ్డ కాయలు అందులో ఉన్నాయేమో చూడండి. బూజు పట్టిన కాయల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. దానికి పురుగుమందుతో సంబంధం లేదు, సరిగా ఎండబెట్టకపోతే సేంద్రియ మిర్చికీ పడుతుంది. వేరుశనగ పప్పుకూ ఇదే జాగ్రత్త: ముడుచుకుపోయిన, రంగు మారిన, చేదుగా ఉన్న గింజను ఏ ముద్ర ఉన్నా పారేయండి.

బియ్యం మిర్చికి సరిగ్గా ఎదురు. నెలకు పాతిక కిలోలు వాడతాం. వరికి మందులు కొట్టే మాట నిజమే గానీ ఊక పోయి, తవుడు పోయి, కడిగి, ఉడికించి తినే తెల్ల అన్నంలో మిగిలేది తక్కువ. కిలోకు 40 రూపాయల తేడా అనుకుంటే నెలకు వెయ్యి, ఏడాదికి 12 వేలు. ఈ డబ్బుతో ఇంకా ఎన్నో చేయవచ్చు. దంపుడు బియ్యం తినేవాళ్ల సంగతి వేరు. తవుడు అలాగే ఉంటుంది కాబట్టి వాళ్లకు సేంద్రియంలో కొంత అర్థముంది. తెల్లబియ్యాన్నే సేంద్రియంగా కొని ఆరోగ్యం కొన్నామనుకోవడం మాత్రం నాకు మింగుడుపడదు. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు ఒక గరిటె పెంచితే కొద్దిపాటి ఖర్చుతోనే అంతకన్నా మేలు.

కూరగాయలను రెండుగా విడదీయాలి. వంకాయలో పురుగు కాయ తొలుచుకుని లోపలికి పోతుంది, అది లోపలికి వెళ్లకముందే చంపాలని రైతు పదే పదే మందు కొడతాడు. బెండ, పచ్చిమిర్చి, టమాటా, కాప్సికం, కాలీఫ్లవర్, క్యాబేజీ కూడా ఈ కోవలోవే. వీటిలో ఇంకో చిక్కుంది. మందు కొట్టిన తర్వాత ఇన్ని రోజులు కోయకూడదని డబ్బా మీద గడువు రాసి ఉంటుంది. బెండకాయ రోజు విడిచి రోజు కోయకపోతే ముదిరిపోతుంది. గడువు పాటిస్తే పంట పోతుంది, పంట దక్కాలంటే గడువు దాటవేయాలి. రైతును తిట్టి లాభం లేదు, ఆ పంట తీరే అంత. ఐరోపా దేశాలు మన దేశం నుంచి వచ్చే బెండకాయనూ కరివేపాకునూ సరిహద్దు దగ్గర ప్రత్యేకంగా పరీక్షించే జాబితాలో పెట్టడానికి కారణం కూడా పురుగుమందు అవశేషాలే.

రెండో గుంపులో సొర, బీర, పొట్ల, గుమ్మడి, కంద, చేమ, ఉల్లి, అరటికాయ, మునక్కాయ ఉంటాయి. వీటిలో కొన్నింటికి మందు అవసరం తక్కువ, కొన్నింటికి తొక్క తీసేస్తాం. ఇవి మామూలు మార్కెట్‌లోనే కొనండి. ఎవరూ పెద్దగా మందు కొట్టనివి కూడా మన చుట్టూ ఉన్నాయి. సీతాఫలం, నేరేడు, ఉసిరి, తాటిముంజలు, వానాకాలంలో అడవి నుంచి వచ్చే బోడకాకర, చింతచిగురు. వీటి మీద ఏ ముద్రా ఉండదు, గంపలో పెట్టుకుని అమ్మేవాళ్లకు ఆ అవసరమూ లేదు. అమెరికాలో ఒక సంస్థ ఏటా వేసే ‘మురికి పన్నెండు’ జాబితా మన తెలుగు గ్రూపుల్లో తిరుగుతుంటుంది. స్ట్రాబెర్రీ, కేల్ ఆకు గురించిన ఆ జాబితాతో వంకాయ, బెండకాయ తినే ఇంటికి ఏం పని?

కరివేపాకు కోసం ఒక కుండీ పెట్టుకోండి, చాలు. ఆకుకూరల దగ్గర మందు కన్నా నీళ్ల సంగతి ఎక్కువ పట్టించుకోవాలి. హైదరాబాద్ కింద మూసీ మురుగునీటితో పండే ఆకుకూరకు రైతు మందు కొట్టకపోయినా ఆ నీళ్లలోని సీసం, కాడ్మియం వంటివి ఎక్కడికీ పోవు. తోటకూర ఏ ఊరిది, ఏ నీళ్లదని అడగడం దానికి మందు కొట్టారా అని అడగడమంత ముఖ్యం.

పాల దగ్గర చాలామంది పెద్ద మొత్తం పోస్తున్నారు. 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షించినప్పుడు ఆరోగ్యానికి హాని చేసే కల్తీ 12 నమూనాల్లోనే దొరికింది. అఫ్లాటాక్సిన్ మాత్రం దాదాపు 6 శాతం నమూనాల్లో పరిమితి మించింది. అది బూజు పట్టిన దాణా నుంచి వస్తుంది. దాణా పొడిగా నిల్వ చేయని పాడి రైతు సేంద్రియమైనా కాకపోయినా పాలల్లో అది దిగుతుంది. రోజుకు లీటరున్నర వాడే ఇంట్లో లీటరుకు 60 రూపాయల తేడా అంటే నెలకు 2,700. నేనైతే ఈ ఖర్చుతో మొదలుపెట్టను.

ఇప్పుడు కూడి చూద్దాం. ఇవి లెక్క కోసం వేసుకున్న రేట్లే, మీ వీధి రేట్లు మీరు వేసుకోండి. బియ్యానికి 1,000, నాలుగు కిలోల కందిపప్పుకు 240, కూరగాయలన్నిటికీ కిలోకు 40 చొప్పున 1,920, పాలకు 2,700, కారానికి 100. అన్నీ మారిస్తే నెలకు 5,960 రూపాయలు అదనం. అదే కారం, కొత్తిమీర పుదీనా లాంటి పచ్చిగా వాడే ఆకులు, మందు ఎక్కువ పడే కూరల్లో 15 కిలోలు మాత్రం మారిస్తే ఎనిమిది వందలు. ఏడో వంతు ఖర్చుతో, మందు తగ్గించుకోవడంలో రావాల్సిన మేలులో ఎక్కువ భాగం వస్తుంది. పప్పును ఏం చేయాలన్నది మీ వీలును బట్టి. పొట్టు పోయి, కడిగి, ఉడికి వస్తుంది గనుక నేను దాన్ని వరుసలో వెనక్కి నెట్టాను.

నాటు, దేశీ, గానుగ

సేంద్రియం పేరు మీద ఎక్కువ డబ్బు పోయేది సేంద్రియం కాని వాటి మీదే. గానుగ నూనె అంటే నూనె తీసిన పద్ధతి మాత్రమే. ఆ పల్లీకి మందు కొట్టారో లేదో గానుగకు తెలియదు. రుచి కోసం కొనండి, తప్పులేదు. నాటు అంటే విత్తనం సంగతి. ‘ఫార్మ్ ఫ్రెష్’ అంటే ఏమీ లేదు. ‘కెమికల్ ఫ్రీ’ అని చేత్తో రాసి అతికించిన చీటీకి చట్టంలో ఏ విలువా లేదు. బెల్లం దగ్గర అడగాల్సింది హైడ్రోస్ గురించి. పసుపుపచ్చగా మెరవాలని వండేటప్పుడు వేసే తెలుపు మందు అది. అది లేనిది ముదురు గోధుమ రంగులో ఉంటుంది. (మరీ నల్ల బెల్లం మూటలతో కొంటే నాటుసారా కోసమేమోనని ఎక్సైజ్ వాళ్లు అనుమానిస్తారు. అది మన రాష్ట్రాల్లో ఉన్న తలనొప్పి.) పసుపు కొమ్ములు కొని కొట్టించుకుంటే రంగు కల్తీ భయం తీరుతుంది. మామిడికి కార్బైడ్ భయమూ అలాంటిదే, పంట ఎలా పండిందన్నదానికీ కాయ ఎలా మాగిందన్నదానికీ సంబంధం లేదు. ఈ భయాలన్నిటికీ విడివిడిగా చవకైన మందులున్నాయి. అన్నిటికీ కలిపి ‘ఆర్గానిక్’ అన్న ఒక్క మాట కొనడం ఖరీదైన బద్ధకం.

ప్యాకెట్‌లో కొంటే ముద్ర చూడాలి. 2018 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం సేంద్రియమని రాసి అమ్మే ప్యాకెట్ మీద జైవిక్ భారత్ ముద్ర, దాంతోపాటు ఇండియా ఆర్గానిక్ లేదా పీజీఎస్ ఇండియా ముద్ర ఉండాలి. ఇండియా ఆర్గానిక్ అయితే బయటి సంస్థ వచ్చి తనిఖీ చేసినట్టు. పీజీఎస్ అయితే రైతులే బృందంగా ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకుంటారు, ఖర్చు తక్కువ. పీజీఎస్ గ్రీన్ అని ఉంటే ఆ పొలం ఇంకా మార్పిడి కాలంలో ఉందని అర్థం. పూర్తి సేంద్రియం రేటు దానికి ఇవ్వనక్కరలేదు, అలాగని తీసిపారేయనూ అక్కరలేదు. నిజాయితీగా మారుతున్న రైతుకు కొనేవాళ్లు కావాల్సింది అప్పుడే.

ఏడాదికి 12 లక్షల లోపు వ్యాపారం చేస్తూ నేరుగా అమ్మే చిన్న రైతుకు ఈ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. అక్కడ ముద్ర ఉండదు కాబట్టి మనిషిని చూడాలి. ‘మాదంతా నేచురలే సార్’ అన్న మాట దగ్గర ఆగకండి. వంకాయలో పురుగు వస్తే ఏం కొడతారు, కలుపు ఎవరు తీస్తారు, పక్క చేను ఎవరిది అని అడగండి. నిజంగా చేసే రైతుకు ఈ ప్రశ్నలంటే సరదా. వేపగింజల కషాయం ఎప్పుడు పనిచేసిందో, ఎప్పుడు పనిచేయలేదో, ఏ పంట పోయిందో చెబుతాడు. పనిచేయని రోజు ఒక్కటీ లేదనేవాణ్ని నేను నమ్మను. ఎర్రటి మే నెలలో కూడా కాలీఫ్లవర్‌తో సహా ముప్పై రకాలూ పెట్టి, అన్నీ మా తోటవే అనేవాడి దగ్గర సేంద్రియం రేటు ఇవ్వకండి. ఇంకో మాట, సేంద్రియమంటే అసలు ఏమీ కొట్టరని కాదు. బోర్డో మిశ్రమం, గంధకం, వేపనూనె వంటివి ఆ పద్ధతిలో అనుమతించినవే.

కడగడం

ఇది సేంద్రియానికి ప్రత్యామ్నాయం కాదు గానీ దాదాపు ఉచితం. పారే నీళ్ల కింద చేత్తో రుద్ది కడిగితే పైన ఉన్న మట్టి, మందులో కొంత పోతాయి. 2017లో అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆపిల్ పళ్ల మీద పరీక్షించి చూస్తే, మామూలు నీళ్లకన్నా వంట సోడా కలిపిన నీళ్లు బాగా పనిచేశాయి. పన్నెండు, పదిహేను నిమిషాలు నానబెడితే వాళ్లు వాడిన రెండు మందుల్లో ఒకటి 80 శాతం, ఇంకొకటి 96 శాతం పోయాయి. లీటరు నీళ్లకు రెండు టీస్పూన్ల సోడా సరిపోతుంది. సబ్బు వద్దు. తొక్కలోంచి లోపలికి ఇంకిన మందును మాత్రం సోడా కూడా తీయలేదు. క్యాబేజీకి పై రెండు మూడు ఆకులు తీసేయండి. కాలీఫ్లవర్‌ను రెమ్మలుగా విడదీసిన తర్వాతే కడగండి.

సేంద్రియమని కడగడం మానేసేవాళ్లున్నారు, అది ప్రమాదం. జీవామృతంలో ఉండేది పేడ. 2011లో జర్మనీలో ఒక సేంద్రియ క్షేత్రం నుంచి వచ్చిన మొలకల వల్ల ఈ-కోలై సోకి 50 మందికి పైగా చనిపోయారు. మెంతిమొలకలు, పెరుగుపచ్చడిలో వేసే కొత్తిమీర, పచ్చిగా కోసిపెట్టే కీర ఎవరి తోటవైనా బాగా కడగాల్సిందే.

ఇక మొదలుపెట్టే తీరు. ఈ నెల చీటీలో కారం, పచ్చిగా తినే ఆకులు, మీ ఇంట్లో తరచుగా వండే, మందు ఎక్కువ పడే కూర ఏదైనా ఒకటి మాత్రం మార్చండి. మీ వీధిలో నాలుగైదు ఇళ్లు కలిస్తే రైతు దగ్గర నుంచి వారానికోసారి తెప్పించుకోవచ్చు, రవాణా పంచుకుంటే కిలోకు పడే తేడా వెంటనే దిగుతుంది. అలాంటప్పుడు రైతు పంపింది తీసుకోవాలి, ఈ వారం బెండ లేదంటే లేదు. మిర్చి కొత్త పంట జనవరి నుంచి ఏప్రిల్ దాకా వస్తుంది కాబట్టి ఏడాది కారానికి సంక్రాంతికి ముందే రైతుకు చెప్పిపెట్టుకోండి, వీలైతే కొంత అడ్వాన్సు ఇవ్వండి. మూడు నెలల తర్వాత పద్దు తీసి, మార్చిన ఒక్కో సరుకుకూ ఎంత అదనంగా పోయిందో పక్కన రాయండి. కూరల బరువు నెలకు 48 కిలోల దగ్గరికి రాకపోతే, ఎక్కువ ఖర్చు చూపిస్తున్న వరుసను కొట్టేసి ఆ డబ్బు రైతు బజారుకు తీసుకెళ్లండి.